బావ కారు కడిగిన నీళ్లు

మా బావను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. దుబాయిలో పని లేదని కంపెనీ ఇంటికి పంపిస్తే, మేడిపల్లిలో షేకులా దిగాడు. ఇంటికొచ్చిన ఆరు నెలల్లోపు మళ్లీ పిలుపు వచ్చి తిరిగి పోకపోతే వీసా పోతుంది. ఆ ఆరు నెలలూ అక్క బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఈ మహానుభావుడు మాత్రం రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని వాకిట్లో, దుబాయి పైసలతో కొన్న కారు కడిగేవాడు. నడిపింది లేదు. పెట్రోలుకు పైసలేవి? నలుగురికీ కనపడాలి, అంతే.

నేను కోరుట్లలో మెకానిక్‌ని. ఒకరోజు చూస్తే ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంది. కడిగిన నీళ్లు లోపలికి పోతాయని చెప్పాను. ఇప్పటి పెట్రోల్లో ఆల్కహాలు కలుపుతున్నారు, నీళ్లు పడితే అది పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది, ఇంజను ఆ అడుగుదే లాక్కుంటుంది అని కూడా చెప్పాను.

"దుబాయిల అసలు పెట్రోలు పోసిన చెయ్యిరా ఇది" అన్నాడు. "ఈడ బండ్లకు గూడ మందు తాపుతున్నరు. నువ్వు మోపెడ్లు జూసుకో, బామ్మర్ది."

సరే, చూసుకున్నాను. మళ్లీ నోరు తెరవలేదు.

చివరికి కంపెనీ రమ్మంది. టికెట్టు అగ్గువకు దొరికిందని గడువు ఆఖరి రోజుకే కొన్నాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది. హైదరాబాదుకు కూడా సొంత కారులోనే పోతాడట. సాగనంపడానికి అక్క, కారు వెనక్కి తేవడానికి నేను. బయల్దేరే ముందు ట్యాంకు మూత తీసి చూశాను. పగిలిన రబ్బరు అట్లాగే ఉంది. ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయడం గంట పని.

"గాలి సూడు, సాలు" అన్నాడు బావ.

గాలే చూశాను. వాడకట్టు దాటకముందే, అందరి ముందూ కారు ఆగాలి. ఆయన మొహం మాడాలి. అప్పుడు నేను బాగు చేయాలి. నేను అనుకున్నది అదే.

వాడకట్టులో ఆగలేదు. దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ పోయి, సిరిసిల్ల ఇంకా రాకముందే పొలాల మధ్య చచ్చింది. సీసాలోకి కాస్త తీసి చూపించాను. పైన పెట్రోలు, అడుగున నీళ్లు. అటుగా వచ్చిన హైదరాబాదు బస్సును చెయ్యెత్తి ఆపాను.

"నడి తొవ్వల కారిడిసిపెట్టి బస్సెక్కాల్నా?" అన్నాడు.

అక్క బతిమాలింది. ఎక్కలేదు. బస్సు పోయింది, విమానం పోయింది, వీసా పోయింది. కారును మాత్రం తాడు కట్టి భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

వారం తర్వాత అక్క గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ అడిగింది.

"తమ్మీ, ఆ పొద్దు మూత దీసి సూసినవ్ గదా. నీకు గప్పుడే ఎర్కైందా?"

"లేదక్కా" అన్నాను.

అక్క నమ్మింది. అప్పటినుంచి బావను తిట్టాలంటే నాకు నోరు రావడం లేదు.