శనివారం వచ్చిన ఇనుము

ముందుగా శబ్దమే వినిపిస్తుంది. తెల్లాపూర్‌లోని ఆ టవర్ ఐదో అంతస్తులో లిఫ్టు దిగగానే, మూసిన తలుపు వెనక ఇనుము రబ్బరు చాప మీద వాలిన మొద్దు చప్పుడు. దాని వెనకే పొడుగాటి ఊపిరి. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఇనుము.

తలుపు తీసేది నాగేశ్వరి. ట్రెజరీ ఆఫీసులో రిటైరై రెండేళ్ళయింది. మనిషి ఐదడుగులకు కాస్త తక్కువ. చున్నీ నడుముకు బిగించి ఉంటుంది. నుదుటి మీద చెమట, దాని కింద కోపం. చెమటైతే తుడుచుకుంటుంది.

వానాకాలంలో క్లబ్‌హౌస్ మెట్ల మీద జారి ఆమె ఎడమ మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయనీ, నడక ఒక్కటే చాలదనీ, కట్టు విప్పాక మెల్లమెల్లగా బరువులెత్తాలనీ డాక్టరు చెప్పింది. ఆ మాటకు నాగేశ్వరికి తణుకులో అమ్మ మంచం గుర్తొచ్చింది. తుంటి విరిగిన అమ్మకు చివరి రెండేళ్ళూ తిరిగే ఫ్యానే ఆకాశం. పక్కకు ఒత్తిగిలాలన్నా ఎవరో ఒకరు రావాలి. ఆ మంచం తన వైపు నడిచి వస్తున్నట్టు అనిపించింది. దాన్ని గడప దగ్గరే ఆపాలనుకుంది.

కొడుకు ఆదర్శ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో బార్, ప్లేట్లు, బెంచీ ఆర్డరు పెట్టించింది. వచ్చే శనివారం తెస్తామన్నారు. ఆ రోజు మధ్యాహ్నం వడ్డిస్తూ భర్తను అడిగింది.

"ఏవండీ, నా సామాను రాలేదేంటి?"

సీతారామాంజనేయులు మజ్జిగన్నం కలుపుతూ, "వచ్చింది. వెనక్కి పంపేశాను," అన్నాడు.

"ఏంటీ?"

"శనివారం పూట ఇనుము ఇంటికి తెస్తారా ఎవరైనా? రేపు తెమ్మంటే కుదరదన్నాడు. వద్దన్నాను."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"నువ్వు స్నానంలో ఉన్నావు."

గేటుకు ఏది వచ్చినా, లోపలికి పంపాలా వద్దా అని మోగేది ఆయన ఫోనే. వేలితో ఒక్కసారి నొక్కితే ఆమె ఎముకలు గేటు బయటే ఆగిపోయాయి. గరిటె పళ్ళెంలో పడేసి వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం ఊరుకోలేదు. సోమవారం గులాబీ రంగు డంబెల్స్ రెండు తెచ్చాడు. ఒక్కోటి కిలో. "లోపల సిమెంటు, పైన ప్లాస్టిక్. ఇనుమన్నదే లేదు. ఏ రోజైనా ఎత్తుకోవచ్చు," అని మురిసిపోయాడు. నాగేశ్వరి ఒకదాన్ని గాలికి కొట్టుకునే బాల్కనీ తలుపుకు అడ్డం పెట్టింది. రెండోదాన్ని ఆవకాయ జాడీ మూత మీద పెట్టింది.

శనివారం దాకా ఆగింది. కావాలనే ఆగింది. పొద్దున్నే ఆటో ఎక్కి ఖాజాగూడ వెళ్ళింది. చెరువు దారిలో వ్యాయామ సామాను దుకాణం. యజమాని రాజేందర్ ఆమెను చూసి నేరుగా గులాబీ డంబెల్స్ ఉన్న అర దగ్గరికి నడిచాడు.

"మేడం, లేడీస్‌కు గివి మస్తు పోతున్నయి."

"ఇంట్లో ఉన్నాయి. తలుపుకు పెట్టాను."

"గా బరువులు మీకెందుకమ్మా? సార్‌ను తోల్కరాండ్రి. సార్ జూసి చెప్తడు."

"విరిగింది సార్ చెయ్యా, నాదా?"

రాజేందర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "గట్ల గాదమ్మా... ఇగో, గీ పెద్ద మిషన్ జూడుండ్రి. ఒక్కదాంట్లనే అన్నీ ఉంటయి."

దాని మీద కూర్చుంది. పైనున్న పిడి అందలేదు. కాళ్ళు నేలకు ఆనలేదు. వంటింటి గట్టు, ఆఫీసు కుర్చీ, బస్సులో పట్టుకునే కడ్డీ, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ఎవరో ఆరడుగుల మనిషిని నిలబెట్టి లోకానికంతా కొలతలు తీసినట్టున్నారు. నేల తగలని కాళ్ళకు బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

దిగి, బార్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. లావుపాటి దాని చుట్టూ వేళ్ళు కలవలేదు. పొడుగుది తమ చిన్నగదిలో గోడకు తగులుతుంది. చివరికి సన్నటి, పొట్టి బార్ ఒకటి పిడికిట్లో సరిగ్గా కూర్చుంది. అరికాళ్ళు రెండూ ఆనే పొట్టి బెంచీ తీసుకుంది. అన్నిటికంటే చిన్న ప్లేట్లు అడిగింది. కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. తొందరపడితే మణికట్టు ఒప్పుకోదు.

సామానుతో ఆమె ఎక్కి వచ్చిన ట్రాలీ ఆటో గేటు దగ్గర ఆగింది. పైన సీతారామాంజనేయులు ఫోన్ మోగింది. ఆయన చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగున దిగి వచ్చాడు.

"నాగూ, ఈ ఒక్క పూటా కారు డిక్కీలో ఉంచుదాం. రేపు పొద్దున్నే నేనే మోస్తాను."

"మా అమ్మ పడింది గురువారం నాడండి. మంచి రోజే."

ఆయన వంగి చెప్పు సరిచేసుకున్నాడు.

"ఆ రెండేళ్ళలో ఎన్నో మంచి రోజులొచ్చాయి. ఒక్కటైనా ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టిందా? రేపు నేను పడితే, శనివారం కదా అని లేపకుండా ఉంటారా?"

ఆటో డ్రైవరు బెంచీ దింపి లిఫ్టులో పెట్టాడు. ప్లేట్లు మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటే గుండెకు హత్తుకుని తనే మోసింది. మణికట్టు లోపల సన్నగా సూది కదిలింది. లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే ఓ చెయ్యి అడ్డం వచ్చింది. భర్తది. అన్నీ లోపలికి చేరేదాకా ఆయన తలుపు పట్టుకునే ఉన్నాడు. ఇనుమును మాత్రం తాకలేదు.

ఇప్పుడు గేటుకు ఏదైనా వస్తే మొదట మోగేది నాగేశ్వరి ఫోన్. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తుంది. శనివారం శనివారం ఆయన గుడి నుంచి సిందూరం తెచ్చి బార్‌కు బొట్టు పెడతాడు. చేతికంటి పట్టు జారుతుందని ఆమె తుడిచేస్తుంది. పై వారం ఆయన మళ్ళీ పెడతాడు.

చూడ్డానికి వెళ్ళిన మేం ఇదంతా రాస్తామంటే ఆమె కాదనలేదు. బార్ ముందు వంగి, పిడికిళ్ళు బిగించి, తల తిప్పకుండానే అంది:

"రాసుకోండి. కోపం తగ్గిందని మాత్రం రాయకండి. కాస్త జరగండి, ఎత్తుతున్నాను."