పాత పట్టిక, బురదనీరు

నా మేనకోడలు నీటిశుద్ధి కేంద్రంలో కంప్యూటర్ పని చూస్తుంది. చిన్ననాడు ప్రతి తలుపునూ రెండుసార్లు లాగి చూసేది కనుక ఇంటిల్లిపాదికీ ఆమె ‘గడియ’.

అక్కడ ఏటి నీటిని గంటకోసారి పరీక్షిస్తారు. ఎంత క్లోరిన్ కలపాలో చెప్పే చిన్న ఫైలు, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, అప్పటికప్పుడు తయారవుతుంది. నిరంతరం నడిచే పెద్ద ప్రోగ్రాం దాన్ని తెచ్చుకొని మందు పంపును నడుపుతుంది. కొత్త ఫైలు దొరకనప్పుడు పంపు ఆగిపోకుండా, పాతదానితోనే నెట్టుకురమ్మని గడియే రాసిపెట్టింది. మంచికే రాసింది.

ఆ ఉదయం వానకు ఏరు బురదెక్కింది. ఎనిమిది గంటల ఫైలు మూడింతల మందు కోరింది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా గడియ తెరవైపు చూస్తే, పంపు ఇంకా ఏడు గంటల లెక్కమీదే నడుస్తోంది. ఫైలు మాత్రం ఫోల్డరులో నిక్షేపంగా ఉంది.

నన్ను కాస్త పక్కదారి పట్టనివ్వండి. మా బడి గ్రంథాలయంలో ఒక ఉద్యోగి ఉండేవాడు. ఏ పుస్తకమడిగినా బీరువా తెరిచేవాడు కాదు. గోడమీది పట్టిక చూసి లేదనేవాడు. ఆ పూటే వచ్చిన పుస్తకం ఆయన మోచేతి కిందే ఉండేది. ఎంత మర్యాదగా లేదనేవాడో, పాపం! పైథానుదీ అదే తీరు. ఫోల్డరులో ఉన్నవాటికి పట్టిక రాసుకుంటుంది; ఫోల్డరు చివరిసారి మారిన సమయం, పట్టిక రాసినప్పటిదానికి వేరైతేనే తిరిగి రాసుకుంటుంది. పట్టిక రాయడమూ కొత్త ఫైలు రావడమూ గడియారం విడదీయలేనంత దగ్గరగా జరిగితే, ఉన్నదాన్నే లేదంటుంది.

మందు కలిసిన నీరు తొట్టిలో గంటసేపు నిలిచి ఊళ్లోకి పోతుంది. అంటే మిగిలినవి పది నిమిషాలు. ఆ గంట కచ్చితమైన గంట కాకపోతే, అవీ లేవు. ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

“బాబాయ్, బయటి వాల్వు మూసెయ్. ఎనిమిదింటి నుంచి పాత లెక్కే నడుస్తోంది,” అంది సూపర్‌వైజర్‌తో.

“పొద్దున్నే ఊరంతా కుళాయిలు ఆపమంటావా? ఎవరి నిర్వాకం?”

“నాదే. ముందు మూసెయ్, తర్వాత తిట్టు.”

“తిట్టడానికి సాయంత్రం దాకా టైముందిలే,” అంటూనే ఆయన చక్రం తిప్పాడు.

ప్రయోగశాలలో రెండు గాజుగొట్టాలు పెట్టారు: తొట్టిలోని నీరు ఒకదానిలో, వాల్వు దాటిన నీరు రెండోదానిలో. బిళ్ల వేస్తే, క్లోరిన్ చాలినంత ఉన్న నీరు గులాబీరంగుకు తిరుగుతుంది. మొదటిది తిరగలేదు. రెండోదాన్ని చూసే ధైర్యంలేక గడియ గోడవైపు తిరిగి నిలబడింది. అమ్మ ఉండే వీధికే ఆ నీరు ముందుగా చేరుతుంది.

“తిరుగు తల్లీ,” అంది పరీక్షలు చేసే ఆవిడ. “గులాబీయే.”

తొట్టినీటికి మళ్లీ మందు కలిపారు. ఫైలు తయారైన ప్రతిసారీ పాత పట్టికను చెరిపేశాకే వెతకమని గడియ ఒక వాక్యం చేర్చింది. ఫైలు దొరకకపోతే సర్దుకుపోవడం మాన్పించి, సైరన్ మోగేలా చేసింది.

తొమ్మిదిన్నరకు వాళ్లమ్మ, అంటే మా అక్కయ్య, ఫోను చేసింది.

“మీ ఆఫీసులో మనుషులున్నారా, నిద్రపోతున్నారా? తలకి సబ్బు పెట్టుకుని కూర్చున్నాను, కుళాయిలో చుక్క రాదే!”

గడియ ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నది.