తెల్లగా చూపించని ఫోను

దాలయ్యకి ఒక వస్తువు చూపిస్తే కొనడు, రెండోది కూడా చూపించమంటాడు. రెండోది చూపిస్తే ఇక ఏదీ కొనడు. లోకంలో ఏ వస్తువైనా పక్కన ఇంకోటి ఉంటేనే అర్థమవుతుందని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి రాయగడ స్టేషన్ రోడ్డులో అందరికంటే ఎక్కువగా బలైనవాణ్ని నేను.

నా పేరు శశికాంత్. నాది మొబైల్ షాపు. మా తాత వెంకటాచలం గారు జమీందారీ కచేరీలో దస్తావేజులు రాశారు. మా నాన్న సర్కారు ఆఫీసులో ఫైళ్లు రాశారు. నేను ఫోన్లకి గాజు అట్టలు అంటిస్తున్నాను. వంశం ఎటు నడుస్తోందో మీరే చూసుకోండి. జనం నా షాపుకి వస్తారు, ఫోను చేత్తో పట్టుకుంటారు, బరువు చూస్తారు, కాసేపు ఏసీ గాలి పీలుస్తారు, ఇంటికి వెళ్లి ఇంటర్నెట్టులో కొనుక్కుంటారు. వారం తిరక్కుండా ఆ ఫోనే పట్టుకొచ్చి, గాజు అట్ట వంకర లేకుండా అంటించమంటారు. ఇలాంటి వ్యాపారంలో మనిషి నోరు చేదెక్కక తీపెక్కుతుందా?

దాలయ్య వీధి కుళాయిలకు నీళ్లు వదిలే మనిషి. తెల్లారకముందే సైకిలేసుకుని వీధి వీధికీ పోయి వాల్వులు తిప్పుతాడు. ఏ వీధికి ముందు వదలాలా అని అతను తూచేలోపు రెండు వీధులూ స్నానాలు మానేస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఒక వీధే మానేస్తుంది.

ఒకసారి అతను కోరాపుట్ వెళ్లాలి. బస్టాండులో కోరాపుట్ బస్సులు రెండున్నాయి. టైర్లు చూశాడు. సీట్లు నొక్కాడు. రాత్రి ఎవరు బాగా పడుకున్నారో తెలుసుకోడానికి డ్రైవర్లిద్దరి కళ్లలోకీ చూశాడు. ఈలోగా ఒక బస్సు వెళ్లిపోయింది.

"మరింకేం, ఒకటే మిగిలింది కదా. ఎక్కేయలేకపోయావా?" అన్నాను, ఆ కథ చెప్తుంటే.

"పక్కన రెండోది నేకపోతే ఇది మంచిదో సెడ్డదో ఎలగ తెలుస్తాది బాబూ?"

ఆ రెండో బస్సు కూడా వెళ్లిపోయింది.

ఇతనితో కాపురం ఎలా చేస్తున్నావని అతని భార్య అప్పమ్మని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

"పెళ్లిసూపులకొచ్చినప్పుడూ ఇదే గోల. నన్ను సూసేడు. పక్కన మా సిన్నమ్మ కూతురు కూకుంటే దాన్ని సూసేడు. మల్లీ నన్ను సూసేడు. నాకు ఒల్లు మండిపోయి, 'కొంటే కొను, నేపోతే లేసెల్లు' అన్నాను. ఎంటనే నన్నే సేసుకుంటానన్నాడు."

"ఎందుకట?"

"'అది నవ్వింది, ఇది కోప్పడింది. ఆ నవ్వు నిజమో కాదో తెల్దు, ఈ కోపం మాత్రం నిజం' అన్నాడట. ముప్పయ్యేళ్ల నుంచీ ఆ నిజం ఆడికి సూపిత్తనే ఉన్నాను."

అలాంటి మనిషి పోయిన చలికాలంలో నా షాపుకొచ్చి, "బాబూ, రెండు ఫోన్లు సూపించు" అన్నాడు. చూపించాను. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, కాగితం మధ్యలో పైనుంచి కిందికి గీత గీశాడు. కంపెనీల పేర్లు అతనికి అక్కర్లేదు. ఒకటి ఎడమది, ఒకటి కుడిది.

"ఎడమదానికి ర్యామ్ ఎనిమిది. కుడిదానికి ఆరు," అన్నాను.

"ఎందుకు తక్కువ?"

"ధర తక్కువ కాబట్టి."

"బేటరీ?"

"ఎడమదానికి ఐదువేలు."

"కుడిదానికి?"

"అదీ ఐదువేలే."

దాలయ్య మొహం వాడిపోయింది. రెండూ సమానమన్నచోట అతనికి కాలు నిలవదు.

ఇలా కాదని నా బ్రహ్మాస్త్రం తీశాను. ఎడమ ఫోను ముందు కెమెరా తెరిచి అతని మొహానికి ఎదురుగా పెట్టాను. "చూడు. మచ్చలుండవు, ముడతలుండవు, నలుపంతా తెలుపైపోతుంది." ఈ ఒక్క మాట మీద నేను తెరుబలి ఫ్యాక్టరీ వాళ్లకి ఎన్ని ఫోన్లు అమ్మానో నాకే తెలియదు. పొద్దస్తమానం కొలిమి ముందు నిలబడి వచ్చినవాళ్లు, ఆ తెరలో తమని చూసుకుని చెల్లెలి పెళ్లికొడుకుని చూసినట్టు మురిసిపోయేవాళ్లు.

దాలయ్య మురవలేదు. "తెల్లగా సూపించకండా ఉండే ఫోను ఉన్నాదేటి?" అన్నాడు.

"ఏమన్నావు?"

"మనిషి ఎలగుంటే అలగ సూపించేది."

"దానికి ఫోనెందుకు? అద్దం కొనుక్కో. చవక."

అతను నొచ్చుకోలేదు. పుస్తకంలో ఎడమవైపు 'తెలుపు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి మొదలైంది. ర్యామ్ గొడవ మర్చిపోయాడు, బేటరీ వదిలేశాడు. ముందు కెమెరా తప్ప అతనికి లోకం లేదు. ఒకరోజు రెండు ఫోన్లూ పట్టుకుని కౌంటరు కింద దూరాడు. వెలుతురు తక్కువుంటే మొహం పడుతుందా లేదా చూడాలట. ఒకరోజు నుదుటి దాకా తువ్వాలు కప్పుకుని వచ్చాడు. ఇంకొకరోజు నిండు మీసాల మొహానికి దట్టంగా పసుపు రాసుకుని దిగాడు. కొత్త ఫోను చూడ్డానికొచ్చిన కాలేజీ అమ్మాయిలు ఏ అమ్మవారో పూనిందనుకుని రెండడుగులు వెనక్కి జరిగారు.

"యాభై ఏడేళ్లొచ్చి ఇదేం సెల్ఫీల పిచ్చి దాలయ్యా?"

"ఎడమదాంట్లో పసుపే కనబళ్లేదు బాబూ," అన్నాడతను దిగులుగా. "సున్నం కొట్టినట్టుంది."

స్టేషన్ రోడ్డంతా అతన్ని సెల్ఫీ దాలయ్య అనడం మొదలెట్టింది. ఆ పేరు పెట్టింది నేనే. దాచుకోవడం ఎందుకు?

చివరికి ఒకరోజు నా ఓపిక అయిపోయింది. పొద్దున్నుంచి ఒకాయన నాలుగు ఫోన్లు విప్పించి, ప్రతిదాని గురించీ నాతో చెప్పించుకుని, నా ఎదురుగానే ఇంటర్నెట్టులో ఆర్డరు పెట్టుకుని, "థాంక్సండీ" అని వెళ్లాడు. ఆ చిరాకులో ఉండగా దాలయ్య వచ్చాడు. "బాబూ, షెట్టరు సగానికి దింపుతావేటి? కొంచెం సీకటి కావాల," అన్నాడు. షాపు నిండా జనం.

"దాలయ్యా!" అన్నాను అందరికీ వినపడేలా. "ఈ వయసులో నీ మొహం ఎవరికి చూపించుకోవాలి? కొనే మొహమైతే ఏ ఫోనులోనైనా కనబడుతుంది. కొనని మొహం ఎందులోనూ కనబడదు. వెళ్లు!"

షాపంతా నవ్వింది. దాలయ్య కూడా నవ్వబోయాడు గానీ సరిగ్గా రాలేదు. తన వేలి పసుపు అంటిన ఫోను గాజుని తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, కౌంటరు మీద పెట్టి, "నిజవే బాబూ" అని దిగి వెళ్లిపోయాడు. మంచి మాట విసిరానని ఆ పూటంతా నా మీద నాకు గౌరవంగా ఉంది.

పది రోజులు అతను రాలేదు. కోరాపుట్ షాపుల చుట్టూ తిరుగుతున్నాడని ఎవరో చెప్పారు. వాళ్ల ఖర్మ అనుకున్నాను.

పదకొండో రోజున విశాఖపట్నం నుంచి సరుకు వస్తే విడిపించుకోడానికి తెల్లారగట్ల స్టేషనుకి బయలుదేరాను. మూలమలుపు దగ్గర, రోడ్లు ఊడ్పించే కాంట్రాక్టరు షెడ్డు ముందు, పదకొండుమంది ఆడవాళ్లు చీపుళ్లతో వరసగా నిలబడి ఉన్నారు. కాంట్రాక్టరు మనిషి ఒక్కొక్కరి మొహం ముందూ ఫోను పట్టుకుంటున్నాడు. పక్కన దాలయ్య సైకిలు స్టాండు వేసి, వాళ్ల మొహాల మీదికి టార్చిలైటు పడుతున్నాడు.

"ముహఁ దిసుని. నెక్స్ట్!" అన్నాడు కాంట్రాక్టరు మనిషి ఒడియాలో. మొహం కనబడ్డం లేదు, తర్వాతి మనిషి రావాలని.

కనబడని మొహం తవిటమ్మది. మా షాపు ముందు రోజూ ఊడ్చే మనిషే, ఆ గుంపుకి పెద్దది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నిలబడింది. దాలయ్య లైటు ఎడమవైపు నుంచి వేశాడు. కుడివైపు నుంచి వేశాడు.

"దిసుని."

కాసేపటికి వేళ దాటి, మొహం చూసి హాజరు వేసే యాప్ మూసుకుపోయింది. పదకొండుమందిలో నలుగురి మొహాలే పడ్డాయి. మిగతా ఏడుగురూ కూడా చీపుళ్లు భుజాన వేసుకుని పనికే బయలుదేరారు. హాజరు పడక ఆ రోజు కూలి పోయినా ఊడవాలి. ఊడవకపోతే రేపటి నుంచి రావద్దంటారు.

"ఇదేమిటి తవిటమ్మా?" అన్నాను.

"ఏటుంది బాబూ. పన్నెండేళ్ల నుంచి తుడుత్తున్నాను. ఈ రోడ్డుమీద కుక్కలక్కూడా నేనెవరో తెలుసు. నా ఫోనుకే తెల్దు."

"నీ ఫోనా?"

"గుంపుకో ఫోను మీరే తెచ్చుకోండన్నాడు కాంట్రాక్టరు. మాలో నాకే ఉన్నాది గదా, ఇదే ఆడుతున్నాం." ఫోను తిప్పి చూపించింది. వెనక నా షాపు స్టిక్కరు ఉంది. "పోయినేడు నువ్వే ఇచ్చేవు. మొకం తెల్లగా వత్తాదన్నావు. అబద్ధం సెప్పనేదు బాబూ, తెల్లగానే వత్తాది. ఆల దగ్గిరున్న నా ఫోటో నల్లది. తెల్లదాన్ని తెచ్చి నేనే అంటే యాప్ ఒప్పుకోదు."

ఆ మోడలు సంగతి నాకు తెలుసు. తెలుపు చేసే పని కెమెరాలో ఆపినా, వేరే యాప్ తెరవగానే మళ్లీ మొదలవుతుంది. తెలిసే అమ్మాను, ఎందుకంటే అప్పట్లో అది సుగుణం.

దాలయ్య సైకిలెక్కబోతున్నాడు. హ్యాండిలు పట్టుకున్నాను.

"ఫోను వీళ్ల కోసమని మొదటిరోజే చెప్పొచ్చు కదయ్యా! కౌంటరు కింద దూరడం, పసుపు రాసుకోవడం, ఇదంతా ఎందుకు?"

"సెప్తే ఏటౌతాది? నువ్వు జాలి పడతావు. జాలి పడ్డోడు అడిగింది ఇవ్వడు బాబూ. మిగిలిపోయింది ఇత్తాడు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలో నా బుర్ర, అలమరలో రెండేళ్లుగా అమ్ముడుపోకుండా పడున్న ఫోను ఒకటి ఉంది, వీళ్లకి ఇచ్చేద్దామా అని ఆలోచిస్తోంది.

దాలయ్య గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడానూ. అది నువ్వమ్మిన ఫోనే. నీ షాపులో నలుగురి ముందు ఆ మాట ఎలగ అంటాను? బాగోదు గదా."

నలుగురి ముందు నేనన్న మాటకి నా చెవులు కాలాయి. ఏదో ఒకటి మాట్లాడాలని, "కోరాపుట్‌లో దొరకలేదా?" అన్నాను.

"రెండు షాపులు సూసేను. ఆటి పక్కన నీదే మెరుగు. ఆలు మర్యాదగా మాటాడతారు గానీ ఫోను సేతికివ్వరు. నువ్వు తిడతావు గానీ పట్టుకోనిత్తావు."

ఇరవయ్యేళ్లలో నా వ్యాపారానికి దక్కిన ప్రశంస అదొక్కటే.

మర్నాడు తెల్లవారేసరికి ఎడమదీ కుడిదీ రెండూ పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడ్డాను. దాలయ్య పుస్తకం తీసి గీత గీసి పదకొండు పేర్లూ రాశాడు. ఎడమదాంట్లో ముగ్గురే పడ్డారు. పాతదానికంటే ఒకరు తక్కువ. కొత్త మోడలు కదా, తెలుపులో ఇంకా అభివృద్ధి సాధించింది. కుడిదాని కెమెరా పరమ సాదా. ఆ కారణానికే దాన్ని ఎవరూ కొనరు. అందులో ఒక్కొక్కరూ పడుతూ వచ్చారు. పసుపు మొహం పడింది. కొంగు కప్పుకున్న మొహం పడింది. చివర్న తవిటమ్మ నిలబడింది. దాలయ్య లైటు వేయడం మర్చిపోయాడు.

"దిసిలా," అన్నాడు కాంట్రాక్టరు మనిషి. కనబడింది.

కుడిది కొన్నారు. పాతది నేను వెనక్కి తీసుకున్నాను. అయితే అంతకుముందు పోయిన హాజర్లు పోయినట్టే. వాటి సంగతేమిటని అడిగితే యాప్‌ని అడగమన్నారు. యాప్‌కి అందరి మొహాలూ కావాలి, దానికి మాత్రం మొహం లేదు.

తవిటమ్మ కొత్త ఫోనులో తనని చూసుకుంది. "ఎవర్తిది, ఈ ముసిల్ది?"

"నువ్వే," అన్నాడు దాలయ్య.

"ఇలగుంటానేటి?" ఫోను దూరంగా పట్టి ఇంకోసారి చూసుకుంది. "పోన్లే, ఆజరుకి ఇది బాగుంది. బాబూ, ఆ ఎడమ ఫోనుతో మాకో ఫోటో తియ్యి. సూసుకోడానికి."

మిగతా పదిమందీ కూడా అదే మాట అన్నారు. కొంగులు సర్దుకుని, చీపుళ్లు దూరంగా పడేసి, వరసగా నిలబడ్డారు. తెలుపు ఎంత దాకా పెంచొచ్చో అంతా పెంచి తీశాను. పదకొండుమందీ అప్పుడే పిండిమరలోంచి వచ్చినట్టున్నారు. ఎవరు ఎవరో తేల్చుకోలేక అక్కడే దెబ్బలాడుకున్నారు. తవిటమ్మ ఇంకొకావిడని చూపించి, "ఇది నేనే" అని పట్టుబట్టింది. ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ ఫోటో ఇప్పటికీ నా షాపులో ఉంది. ఆడవాళ్ల వెనకాల, ఫోటోలో పడితే బాగోదని చెత్తబండిని పక్కకి లాగుతున్న మనిషి వీపు కనిపిస్తుంది. అటు తిరిగి ఉన్నాడు కనక కెమెరాకి అతని మొహం దొరకలేదు. అందుకని దాలయ్య ఒక్కడే అందులో తన రంగులో ఉన్నాడు.