తనకు తానే సున్నా వేసుకున్న ప్రేబెన్

ప్రేబెన్ కేర్స్‌గోర్ పరీక్ష తప్పాడు. అదీ మూడోసారి. ప్రశ్నలు రాసింది అతనే, జవాబులు రాసిందీ అతనే, ఎర్ర పెన్సిల్ పుచ్చుకుని సున్నా చుట్టిందీ అతనే.

ఆ బడి పద్ధతే అంత. జట్లాండ్ పడమటి తీరంలో, ఇసుక దిబ్బల వెనక, పేద దేశాలకు సేవ చేయడానికి వెళ్ళేవాళ్ళను తయారుచేసే బడి అది. పాఠం చెప్పే పంతుళ్ళుండరు. ఎవరి విషయం వారే ఎంచుకోవాలి, ఎవరికి వారే చదువుకోవాలి, చివర్లో తమ ప్రశ్నపత్రం తామే రాసుకుని తామే మార్కులు వేసుకోవాలి. పన్నెండు విషయాలు గట్టెక్కితే ప్రయాణం. ఒక్కటి మిగిలినా ఏడాదిపాటు ఇంట్లో కూర్చోవాలి. ఇంత గొప్ప పద్ధతి కనిపెట్టిన మహానుభావులకు, ఉత్తర జట్లాండ్ పాడిరైతు ఒకడు వచ్చి ఇందులో చేరతాడని మాత్రం తోచలేదు.

ఆ వైపు మనుషులు తమను తాము మెచ్చుకోవడం కంటే జనవరిలో సముద్రంలో దూకడం నయమనుకుంటారు. పంట విరగపండితే "ఈసారి మరీ ఘోరంగా లేదు" అంటారు. పెళ్ళిపీటల దగ్గర పెళ్ళికూతుర్ని చూసినా అదే మాట. అలాంటి చోట నలభై ఏళ్ళు పాడి చేసిన మనిషిని పిలిచి, నీకు నువ్వే మార్కులు వేసుకోవయ్యా అంటే ఏం వేసుకుంటాడు?

అతని బల్లకు అవతల కూర్చునే ఇరియా పోర్చుగల్ పిల్ల. ఇరవై నాలుగేళ్ళు. తొమ్మిది రోజుల్లో పన్నెండు విషయాలూ చదివేసి, 'ఆత్మవిశ్వాసం' అనేదాంట్లో నూటికి నూట పది వేసుకుంది. ప్రేబెన్ పదకొండింట్లో అంచుమీద గట్టెక్కాడు. అదీ, నాలుగేసి మార్కుల కోసం తనతో తానే పోట్లాడి. పన్నెండోది 'పాడి పశువులు'. నిద్రలో లేపి అడిగినా చెప్తాడని బడిలో అందరూ ధీమాగా ఉన్నారు. తీరా చూస్తే మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగిపోయింది. 'మలావీలో వానల్లేని ఆరు నెలలూ ఆవు ఏం తింటుంది?' కింద జవాబు: 'తెలియదు.' అది తెలియనివాడికి మిగతా ప్రశ్నలు ఎందుకని మొత్తానికే సున్నా.

మలావీకి వెళ్ళేవాళ్ళ జాబితా శుక్రవారం పంపాలి. బుధవారం మధ్యాహ్నం బడి నడిపే సోల్వై ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏంటండీ ఇది ప్రేబెన్ గారూ? మీకు ఆవుల సంగతి తెలీదంటే ఆవులే నవ్వుతాయి."

"మా ఆవుల సంగతి తెలుసమ్మా. ఆ ఆవులతో నాకు పరిచయం లేదు."

"అయితే ఆ ప్రశ్న కొట్టేయండి. రాసింది మీరేగా!"

"రాసినాయన ఒప్పుకోడు."

"ఆయనా మీరేనండీ బాబూ!"

"అందుకే చెప్తున్నా. ఆయన్ని అరవై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను. ఉత్త మొండిఘటం."

సోల్వై తల పట్టుకుంది. పాపం, ప్రేబెన్ ప్రయత్నం చేయలేదని కాదు. బడి కంప్యూటర్లో ఉన్న ఎనిమిది వందల పాఠాలూ వెతికాడు. సమాజంలో ఆవు స్థానం గురించి బాణం గుర్తులతో సహా ఉంది. ఆవును చూసే దృష్టికోణాల గురించి నలభై పేజీలుంది. అది ఏం మేస్తుందో మాత్రం ఒక్కడూ రాయలేదు. రాసినవాళ్ళలో ఎవరైనా ఆవుకు గడ్డి వేసి ఉంటే కదా!

"పెద్దాయనా, అక్కడివాళ్ళనే అడగొచ్చుగా?" అంది ఇరియా.

ప్రేబెన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అడగడమా? వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్ బురదలో దిగబడితే ఎవరినీ పిలవరు. దాని పక్కన నిలబడతారు. పక్క పొలంవాడు ఏదో పనున్నట్టు అటుగా వస్తాడు. ఇద్దరూ అరగంట గాలి గురించి మాట్లాడుకుంటారు. అప్పుడు వచ్చినవాడు, తన దగ్గర తాడొకటి ఊరికే పడి ఉందంటాడు. దిగబడ్డవాడు నోరు తెరిచి అడిగాడన్న అప్రతిష్ట రాకుండా పని జరిగిపోతుంది.

"నలభై ఏళ్ళు పాడి చేశానని దరఖాస్తులో రాశానమ్మాయ్. ఇప్పుడు ఆవు ఏం తింటుందని అడిగితే వాళ్ళేమనుకుంటారు?"

మొహమాటం ఎంతుందో వెళ్ళాలన్న ఆశా అంతే ఉంది. మోకాళ్ళు మొరాయిస్తే నాలుగేళ్ళ క్రితం ఎనభై ఆవుల్నీ అమ్మేశాడు. అప్పటినుంచి రోజూ ఐదింటికే మెలకువ వచ్చేది. లేచి కూర్చుని, చేయడానికేమీ లేక కాఫీ తాగేవాడు. తానిక ఎవరికీ అక్కర్లేదన్న దిగులు ఆ కాఫీతోపాటే లోపలికి దిగేది.

గురువారం పన్నెండింటికి, ప్రేబెన్ రొట్టె మీద వెన్న రాసుకుంటుండగా, ఇరియా ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టింది. "మోగుతోంది. ఇక మీ ఇష్టం," అని పక్కకు జరిగింది. తెరమీద తమందానీ గోండ్వే కనిపించింది. మలావీలో పాడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆవుల కొట్టంలో నిలబడి ఉంది.

"నమస్కారమమ్మా. అక్కడ గాలి ఎలా ఉంది?"

"గాలా? ఉంది."

"మాకు కొంచెం ఎక్కువే."

"అయ్యా, గాలి కోసం ఫోన్ చేశారా?"

ప్రేబెన్ వెన్న కత్తి కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఆవిడ వెనక ఒక మచ్చల ఆవు కదిలింది. అతనికి మొహమాటం కాసేపు గుర్తు రాలేదు.

"ఆ ఆవు ఎడమ వెనక్కాలు మోపడం లేదేంటమ్మా?"

"వారమైంది. ఎందుకో అంతు చిక్కట్లేదు."

"కొంచెం దగ్గరగా చూపించండి. గిట్ట పెరిగిపోయింది. చెక్కాలి."

"చెక్కడం ఇక్కడెవరికి వచ్చు? దగ్గరకెళ్తే తన్ని పారేస్తోంది."

ప్రేబెన్ గుండె చిక్కబట్టుకున్నాడు. "మీరేమీ అనుకోకపోతే... ఎండల్లో అది ఏం తింటుంది?"

"మీకు తెలీదా?"

"తెలీదు."

"హమ్మయ్య! ముందొచ్చిన ఇద్దరికీ అన్నీ తెలుసయ్యా. ఒకాయనైతే ఏం మేపాలో మాకే బొమ్మలేసి చూపించాడు. ఆవులు మాత్రం ఆ బొమ్మలు చూసి తినలేదు." ఆవిడ నవ్వి చెప్పడం మొదలుపెట్టింది. మొక్కజొన్న చొప్ప, ఉప్పునీళ్ళు చల్లి. దొరికితే వేరుశనగ కట్టె. పాలిచ్చేదానికి కాస్త తవుడు. ప్రేబెన్ రాసుకుంటూనే అడిగాడు, చొప్ప నరికి వేస్తారా, నిలువుగానా? నీళ్ళు ఎంత దూరం?

"ఆగండాగండి. ఇంకా ఎన్నున్నాయి?"

"ఇరవై నాలుగమ్మా."

"అన్నీ ఫోన్లోనే అడిగేస్తే ఇక్కడికొచ్చి ఏం చేస్తారు? రండి. కాలు మేం పట్టుకుంటాం, గిట్ట మీరు చెక్కండి."

"పరీక్ష తప్పితే రానివ్వరు."

"ఎవరు పెడతారా పరీక్ష?"

"నేనే."

గోండ్వే నవ్వుకు మచ్చల ఆవు తల తిప్పి చూసింది. "అయితే ఆ పెట్టేవాడితో నా మాటగా చెప్పండి, ఇక్కడ ఆవు కుంటుతోందని."

సాయంత్రం సోల్వై భయపడుతూనే కాగితం అందుకుంది. సున్నా కొట్టేసి ఉంది. పక్కన 'ఉత్తీర్ణుడు' అని, చదవడానికి కళ్ళజోడు కావాల్సినంత చిన్న అక్షరాలు.

"జవాబు దొరికిందన్నమాట!"

"చొప్ప తింటుందిట. ఉప్పునీళ్ళు చల్లి," అన్నాడు ప్రేబెన్. ఇంకేదో చెప్పబోయి కిటికీ వైపు తిరిగాడు.

"నన్ను రమ్మన్నారు."

"ఏంటండీ, వినపడలేదు."

"రమ్మన్నారమ్మా!" అన్నాడు, ఇసుక దిబ్బల దాకా వినబడేలా.