తగ్గిపోయిందని నేను చెప్పిన అబద్ధం

ఆ రోజు కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో గృహప్రవేశం చేయిస్తున్నాను. యజమాని చేతికి కంకణం కట్టబోతే ముడి పడలేదు. పసుపుదారం వేళ్ళ మధ్య నుంచి జారిపోతోంది. మూడోసారి కూడా జారాక ఆయన భార్యే ముడి వేశారు. "పొద్దున్నే చలిగా ఉందిలెండి," అని నవ్వేశాను. చలి లేదు.

నేను పౌరోహిత్యం చేస్తాను. నాకు యాభై రెండేళ్ళు. ఆ వారం తిరిగేసరికి వేళ్ళూ మోకాళ్ళూ వాచాయి. నిద్ర లేచాక గంటన్నర దాకా చెంచా పట్టుకోలేకపోయేవాడిని. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు వాతమన్నారు, ఇంజెక్షన్లు చేశారు. అలా ఆరు నెలలు పోయాక రాజమండ్రి వెళ్ళాను. రక్తపరీక్షల్లో ఆర్.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్ వచ్చాయి.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్ అండీ," అన్నారు డాక్టరుగారు. "కంట్రోల్‌లో ఉంటుంది గానీ పూర్తిగా పోదు. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. బాగుంది కదా అని మానేస్తే మళ్ళీ వస్తుంది. జాయింట్లు పాడైపోతాయి."

అక్కడ ఆసుపత్రి బెంచీ మీదే సత్యవతిగారు పరిచయమయ్యారు. పేరు మార్చి రాస్తున్నాను. అమలాపురం వైపు ఊరు, ఇంట్లో జాకెట్లు కుడతారు. ఆవిడదీ ఇదే జబ్బు.

"మీకూ పొద్దున్నే పళ్ళు తోముకోడానికి రాదాండీ?" అని అడిగారు.

"ఆయ్, బ్రష్షు నిలవదమ్మా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఆరు నెలల్లో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడ.

ఊళ్ళో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. పొద్దున్న రాలేనని చెప్పిన మనిషి మధ్యాహ్నం స్కూటరు మీద కనిపిస్తే, "అదేంటండీ పంతులుగారూ, మంచం దిగలేనన్నారు!" అనేవారు. ఒకచోట కుర్చీ అడిగితే, "మేం పీటల మీద, మీరు కుర్చీలోనాండీ? దేవుడికన్నా ఎత్తులో కూర్చుంటారా ఏంటి?" అన్నాడు యజమాని. అందరూ నవ్వారు. అన్నిటికన్నా గుచ్చుకున్న మాట ఇంకోటి ఉంది: "ఊరందరి ఆరోగ్యానికీ జపాలు చేస్తారు, మీకే తగ్గలేదాండీ?"

పిలుపులు తగ్గాయి. నన్ను మాని మా పెదనాన్నగారి అబ్బాయిని పిలవడం మొదలుపెట్టారు. నేను పెట్టిన ముహూర్తానికే అతను మంత్రాలు చదువుతుంటే మైకులో మా అరుగు దాకా వినిపించేది. నేను పెదవులు కదుపుతూ కూర్చునేవాడిని.

మందు పని చేయడానికి మూడు నెలలు పైనే పట్టింది. మళ్ళీ పీట మీద కూర్చోగలిగాను. ఒక ఇంట్లో భోజనాల దగ్గర అడిగారు, "ఏం చేసేరండీ, ఇంత బాగా తగ్గింది?" అని. పంక్తిలో అందరూ నావైపే చూస్తున్నారు.

"నలభై రోజులు జపం చేసుకున్నాను. మందులు అవతల పారేశాను," అన్నాను. అప్పుడు మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి.

"చూసేరా, నే చెప్పలే!" అన్నారెవరో. పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. నాకు కావలసింది అదే.

రెండు నెలలకి సత్యవతిగారు ఫోన్ చేశారు. నేనొక పెళ్ళివారింట్లో ఉన్నాను. చుట్టూ జనం.

"మీరు మందులు మానేసేరంట కదండీ. మా అత్తయ్యగారు ఎక్కడో విన్నారంట, నన్నూ మానెయ్యమంటున్నారు. నిజమేనాండీ?"

పదడుగులు పక్కకి వెళ్ళి నిజం చెప్పవచ్చు. వెళ్ళలేదు. "నమ్మకం ఉంటే అవుతుందమ్మా," అన్నాను.

ఏడాది తర్వాత మళ్ళీ ఆసుపత్రిలో చూశాను. ఆవిడ వేళ్ళన్నీ చిటికెనవేలి వైపు వాలిపోయాయి. ఆ వంకర ఇక మందులతో పోదనీ, ఇంకా పాడవకుండా మాత్రం చూద్దామనీ డాక్టరుగారు చెప్పారట. కుట్టుమెషినుకి గుడ్డ కప్పేశానన్నారు.

"నేను ఒక్క వారం కూడా మందు మానలేదమ్మా," అన్నాను.

ఆవిడ కాసేపు నా వేళ్ళ వైపు చూశారు. "మాత్రలు మానేసి రోజూ మంత్రం నూట ఎనిమిదిసార్లు చదివేదాన్నండీ. మీకు తగ్గింది, నాకు తగ్గలేదు. నా నమ్మకమే చాల్లేదనుకున్నాను. ఇంకెవరితో చెప్పుకుంటానండీ?"

ఊరు నన్ను అన్న మాటనే ఆవిడ ఏడాదిపాటు తనని తాను అనుకున్నారు.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి అత్తగారికి జరిగింది చెప్పాను. "మరి అలాగెందుకు చెప్పేరండీ?" అని అడిగారావిడ.

"మళ్ళీ పిలుస్తారని చెప్పేనమ్మా," అన్నాను. ఆవిడ కాఫీ కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆ అబద్ధం చెప్పిన ఇంటికీ వెళ్ళి నిజం చెప్పాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందే కుర్చీ వేయమంటాను, మందు వాడుతున్నానని చెబుతాను. పిలుపులు సగానికి పడిపోయాయి. జపం మానలేదు, మాత్రా మానలేదు. జపంలో తప్పు లేదు, నేను చెప్పిందే తప్పు. ఇది రాయమన్నది సత్యవతిగారే. ఆ తర్వాత ఆవిడ నాకు ఫోన్ చేయలేదు.

ఇలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. "ఇంకా తగ్గలేదా?" అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న తప్పించుకోవడానికి తగ్గిపోయిందని చెప్పకండి. "మందు వాడుతున్నాను కాబట్టి బాగున్నాను" అనండి. నవ్వితే నవ్వనివ్వండి. మీ మాట నమ్మి మాత్రలు మానేసే మనిషి ఆ నవ్వేవాళ్ళలో ఉండరు. మీలాగే పొద్దున్నే చెంచా పట్టుకోలేనివాళ్ళు ఎక్కడో ఉంటారు.