టకటక మామయ్య పెట్టిన బెజ్జం

మా ఆయన్ని తీరంలో అందరూ టకటక మామయ్య అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. పెద్ద కైట్‌ని ఆకాశంలోకి ఎగరేసి, కాళ్లను బోర్డు మీది పట్టీల్లో దూర్చి, గాలి లాగుతుంటే నీళ్ల మీద పరుగెత్తే ఆట మా దగ్గర ఉంది. చిరిగిన కైట్లు నేను కుడతాను, దెబ్బతిన్న బోర్డులు ఆయన అతుకుతాడు. ఇద్దరికీ ఒకటే రేకుల షెడ్డు. ఇరవై రెండేళ్లుగా తన బల్ల మీదికి ఏ బోర్డు వచ్చినా ముందు వేలి కణుపుతో టకటకా తడతాడు. లోపలి చెక్క పొడిగా ఉంటే గట్టిగా మోగుతుంది, నీళ్లు తాగి ఉంటే మొద్దుగా పలుకుతుంది. సరే, అది పని. కానీ పుచ్చకాయనీ, తలుపునీ, మా పుట్టింటి గోడనీ తట్టేవాణ్ణి ఏమనాలి? పళ్ల డాక్టరు నాకు కొత్తగా కట్టిన పన్నుని కూడా చెంచాతో తట్టి చూశాడు మహానుభావుడు!

ఇంకో జబ్బు కూడా ఉంది. పాలవాడు పాలు చిక్కనివన్నా, డాక్టరు జ్వరం రేపటికి తగ్గుతుందన్నా ఒకటే మాట: "అంతా ఇలాగే చెప్తారు."

అలాంటి మనిషికి మా అమ్మాయికి బోర్డు ఎంచే పని పడింది. పిల్లకి ఇరవై నిండాయి. మూడేళ్లు అద్దె బోర్డుల మీదే నేర్చుకుంది. ఇప్పుడు ఈ తీరంలోని శిక్షణ బడిలో సహాయ శిక్షకురాలి ఉద్యోగానికి శనివారం పరీక్ష. ఎవరి బోర్డు వాళ్లే తెచ్చుకోవాలి, పరీక్షకుడు దాన్ని కూడా చూసి సరేననాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికే.

మొదట వచ్చిన బోర్డు దాదాపు కొత్తది. "కొత్తది ఎందుకు అమ్ముతున్నాడు? ఏదో ఉంది," అన్నాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా తట్టాడు. ఏమీ దొరకలేదు. "ఏమీ లేకపోవడమే అనుమానంగా ఉంది," అని పక్కన పెట్టేశాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే కదా? అమ్మాయి మాత్రం, అది తన బరువుకి మరీ పొడుగని ఊరుకుంది. రెండోదానికి మడమ ఆనే చోట మొద్దు చప్పుడు వచ్చింది. స్క్రూ విప్పితే నీళ్లు కారాయి. ఒప్పుకోవాలి, అక్కడ ఆయన మాటే నిజమైంది. దాంతో ఇక ఆయన్ని పట్టలేకపోయాం.

మూడోది బడి నడిపే మేడం సొంత బోర్డు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆట మానేసింది. అమ్మాయి దాని మీద రెండుసార్లు వెళ్లొచ్చి, "అమ్మా, తేలిక గాలికీ లేస్తోందే, కాలి కింద మెత్తగా వంగుతోంది. నాకు ఇదే కావాలి," అంది. బుధవారం సాయంత్రం మేడం స్వయంగా తెచ్చి ఇచ్చింది.

"అన్నయ్యగారూ, బరువు మూడు కిలోల ఎనిమిది వందలు. ఎక్కడా దెబ్బ లేదు. హాయిగా తీసుకోండి."

ఆవిడ గడప దాటీ దాటకముందే మొదలుపెట్టాడు. "అంతా ఇలాగే చెప్తారు. మోకాళ్ల నొప్పులట! నొప్పి మోకాళ్లకా, బోర్డుకా?"

గురువారం పొద్దున్నే తూకం వేశాడు. నాలుగు కిలోల రెండు వందలు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా? నాలుగు వందల గ్రాముల నీళ్లు తాగింది."

"చప్పుడు బాగానే ఉందిగా?"

"చప్పుడు మోసం చేస్తోంది."

కట్టుకున్న భార్యలా ఇరవై రెండేళ్లు నమ్మిన చప్పుడు మీద కూడా ఆ పూట అనుమానమే! నేను మిషను ఆపి లేచేలోగా సన్న డ్రిల్లుతో అడుగున బెజ్జం పెట్టేశాడు. ఒళ్లు మండి ఒంటికాలి మీద లేచాను. బెజ్జంలోంచి చెక్క పొడి రాలింది. తెల్లగా, పిండిలా, ఎండుగా. ఇంకాస్త లోతుకి దించాడు. అదే పొడి. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు.

బోర్డు ఎత్తబోతే నా చెయ్యి తడిసింది. కాళ్ల కింద ఉండే మెత్తల్ని పిండి చూశాను. నీళ్లు ధారగా కారాయి. బోర్డుని ఎవరికైనా ఇచ్చేముందు మంచినీళ్లతో కడిగి ఇవ్వడం తీరంలో మర్యాద. మేడం మర్యాద చేసింది, మెత్తలు నీళ్లు పీల్చుకున్నాయి. 'తూకానికి ముందు మెత్తలు విప్పండ్రా వెధవల్లారా' అని ఊరందరికీ పాఠం చెప్పేది ఈయనే. మనిషి ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

అప్పుడే అమ్మాయి వచ్చింది. బెజ్జం చూసింది, డ్రిల్లు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నాన్నా, నిజం చెప్పు. నువ్వు బోర్డులో తప్పు వెతికావా, నన్ను ఆపడానికి సాకు వెతికావా?"

ఆయన డ్రిల్లు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "భయమేస్తుందే తల్లీ," అన్నాడు. "నా బల్ల మీదికి విరిగినవే వస్తాయి. క్షేమంగా తిరిగొచ్చినవి నా దగ్గరికి రావు కదా."

పిల్ల కళ్లు తుడుచుకుని బయటికెళ్లిపోయింది. ఆయన బెజ్జం పూడ్చి, రెజిన్ జిగురు పోసి, గుడ్డ పరిచి అతికాడు. అది గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. శుక్రవారమంతా దాని పక్కనే కూర్చున్నాడు. అన్నం పెడితే బల్ల దగ్గరే తిన్నాడు.

శనివారం పరీక్షకుడు వరసగా బోర్డులు చూసుకుంటూ వచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. మా బోర్డు తిరగేశాడు. వేలి కణుపుతో టకటకా తట్టాడు! ఓరి నాయనో, లోకంలో ఇలాంటివాళ్లు ఇద్దరున్నారా అనుకున్నాను. అతుకు దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటి?"

"నేనే అతికానండీ," అన్నాడు మా ఆయన. "లోపల పొడిగానే ఉంది."

"అంతా ఇలాగే చెప్తారు," అన్నాడు పరీక్షకుడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"పొడిగా ఉన్నదానికి అతుకెందుకు? నిప్పు లేనిదే పొగ రాదు కదా. ఈ బోర్డుతో పంపలేను."

చుట్టూ పదిమంది బోర్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు, మేడం కూడా ఉంది. అందరి ముందూ మా ఆయన చేతులు కట్టుకున్నాడు. "తప్పు బోర్డుది కాదండీ, నాది. మెత్తలు విప్పకుండా తూచాను. అనుమానంతో నేనే బెజ్జం పెట్టాను. మేడంగారు నిజమే చెప్పారు, నేనే నమ్మలేదు. ఈ బోర్డు మంచిది. నా బిడ్డని దీని మీదే పంపుతున్నాను."

పరీక్షకుడు అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను సార్," అంది. "పుట్టి బుద్ధెరిగాక మా నాన్న దేన్నైనా మంచిదనగా వినడం ఇదే మొదటిసారి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, ఇంకోసారి తట్టాడు, వెళ్లమన్నాడు. మా ఆయన నీళ్ల అంచున నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల తిరిగొచ్చేదాకా వదల్లేదు.

ఉద్యోగం వచ్చింది. బోర్డుని ఇంటిదాకా ఆయనే మోశాడు. బల్ల మీద పెట్టాడు. చెయ్యి అలవాటుగా పైకి లేచింది. నేను చూస్తున్నానని గమనించి, స్క్రూలు తిప్పి మెత్తలు విప్పడం మొదలుపెట్టాడు.

"తూకానికి కాదు. ఆరబెడుతున్నానంతే," అన్నాడు.

"అంతా ఇలాగే చెప్తారు," అన్నాను.