రాజ్మాకు పండుగ లేదు

మొన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వేళ్లకు ఆ పచ్చి వాసన పట్టుకుంది. సబ్బు పెట్టి కడిగినా పోలేదు. దాంతోపాటే అరకు కొండ మీది మా ఇల్లూ, చిన్నప్పటి ఒక మధ్యాహ్నమూ గుర్తొచ్చాయి.

మా ఊళ్లో 'చిక్కుడు కొత్త' పండుగ చేసి, అమ్మవారికి పెట్టేదాకా ఆ ఏటి చిక్కుడుకాయ ఎవరూ నోట పెట్టరు. పెడితే ఆవిడకు కోపం వస్తుంది. ఇంకా పండుగ కాకముందే అమ్మ పచ్చి రాజ్మా గింజలు కూర వండింది. రెండు మొక్కలకూ మూడేసి ఆకులే, కాయలదీ ఒకే పోలిక. నా దృష్టిలో అదీ చిక్కుడే. అందరూ లొట్టలేసుకుని తింటుంటే, వీళ్లకేమైపోతుందోనని ఏడుపు అందుకున్నాను.

"ఏటే గుంటా, తినవేటి?" అంది అవ్వ. చెప్పాను.

అవ్వ నవ్వలేదు. పెరట్లో పందిరి మీది చిక్కుడుకాయా, నేల మీది పొదలోంచి రాజ్మాకాయా తెంపి నా చేత నలిపించింది.

"వాసన సూడు. చిక్కుడంటే అమ్మోరికి తాతలనాటి నుంచీ తెలుసు. రాజ్మా నిన్నగాక మొన్నొచ్చింది. దీనికి పండగ నేదు."

నిజమే, రాజ్మాకు ఆ వాసన లేదు. భయం పోయి అమ్మవారి మీద జాలేసింది. ఇంత మంచి కూర ఆవిడకెవరూ పెట్టలేదన్నమాట! పండుగనాడు ఆకుదొన్నెలో చిక్కుళ్ల కింద గుప్పెడు రాజ్మా గింజలు దాచాను. అవ్వ చూసి, ఆ దొన్నెను అలాగే అమ్మవారి ముందు పెట్టింది.

మరుసటేడు పండుగకు బయల్దేరుతూ అవ్వే గుమ్మంలో ఆగింది.

"గుంటా, రాజ్మా గింజలేవే? బేగి తే. అమ్మోరు అలవాటు పడిపోయుంటాది."